దొరసాని పెటికోటు, మన ఇంటి గంజి

శతవార్షికోత్సవాలు సమీపించేసరికి ప్రతి పాస్టరేటులోనూ చారిత్రక రూపకాల సందడి మొదలవుతుంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ దొరలు బందరులో కాలుపెట్టిన ఘట్టం, 1859లో బెజవాడలో పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరను కలుసుకొన్న ఘట్టం, 1864 ఉప్పెన – ఈ మూడూ లేని రూపకం మన అధ్యక్ష ఖండములో అరుదు. దొర వేషానికి పెద్ద శ్రమ లేదు. పొడవాటి నల్లకోటు, మెడకు తెల్లగుడ్డ ఉంటే చాలును. చిక్కంతా దొరసాని వేషంతోనే. పాత చిత్రపటాలలో ఆమె గౌను నడుము దగ్గర సన్నగా ఉండి, అక్కడినుండి చర్చి గంటవలె విప్పారి నేలను తాకుతుంది. మన స్త్రీల మైత్రి సహోదరీలు అటువంటి గౌను చక్కగానే కుట్టగలరు. కాని అది తొడుక్కొని వేదిక ఎక్కగానే తడిసిన గొడుగుగుడ్డలా కాళ్ళకు చుట్టుకుంటుంది. అందుచేత వెదురుబద్దను గుండ్రంగా వంచి అంచులో పెట్టి కుడతారు. అప్పుడు గౌను విచ్చుకొనే మాట నిజమే గాని, ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోగానే ముందుభాగం అమాంతంగా పైకి లేస్తుంది. సభలో నవ్వులు. గంభీరమైన ఘట్టం కాస్తా ప్రహసనమైపోతుంది.

చరిత్ర ప్రకారం కూడా ఆ వెదురుబద్ద తప్పే. ఉక్కు వలయాలతో చేసిన పంజరం వంటి లోపలి లంగా ఐరోపాలో పేటెంటు పొంది వాడుకలోకి వచ్చింది 1856లో. ఫాక్స్ దొరగారూ, ఆయన భార్య ఎలిజబెత్తమ్మగారూ బందరు చేరిననాటికి అది ఇంకా పుట్టనేలేదు. 1840 ప్రాంతంలో ఇంగ్లండు స్త్రీల గౌనులను నిలబెట్టినవి పెటికోట్లు. ఒకటి కాదు, నాలుగైదు, ఒక్కొక్కప్పుడు ఆరు కూడా ఒకదానిపై ఒకటి తొడిగేవారు. వాటిలో ఒకటి గుర్రపు వెంట్రుకలతో నేసిన బిరుసు గుడ్డతో కుట్టింది కావచ్చు. దానిని క్రినోలిన్ అనేవారు. ఫ్రెంచి భాషలో క్రిన్ అంటే గుర్రపు వెంట్రుక, లిన్ అంటే నార. మరొకదాని గుడ్డలో నూలు తాళ్ళు వరుసవరుసలుగా పెట్టి కుట్టేవారు. తక్కినవన్నీ తెల్లని నూలు పెటికోట్లు. అవి అలా బిగిసి నిలబడడానికి కారణం గంజి.

ఈ గంజి సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. సంఘ చరిత్ర చదువుకొన్న రోజులలో మిషనెరీల చిత్రపటాలు అనేకం చూశాను. వారి ముఖాలు చూస్తాం, చేతిలోని పుస్తకం చూస్తాం, వెనుకనున్న బంగళా చూస్తాం. ఆ గౌనును నిలబెట్టిన చేతులెవరివని అడగము. మన రూపకాలలో దొర ఉంటాడు, దొరసాని ఉంటుంది, ఉపదేశి ఉంటాడు, జబ్బుపడినవాడు తప్పక ఉంటాడు. గంజి కుండతో రజకుడు ఎప్పుడూ కనిపించడు.

బట్టకు గంజి పెట్టే విద్య ఇంగ్లండుకు కూడా పరాయిదే. 1564లో డింగెన్ అనే ఫ్లాండర్సు వనిత లండను చేరి, ధనిక కుటుంబాల స్త్రీలకు రుసుము పుచ్చుకొని గంజి పెట్టడం నేర్పిందని అక్కడి చరిత్రకారులు వ్రాశారు. ఆ రోజుల్లో మెడచుట్టూ పళ్ళెమంత వెడల్పున మడతల పట్టీలు ధరించేవారు. గంజి లేనిదే అవి నిలువవు. 1583లో ఫిలిప్ స్టబ్స్ అనే నిష్ఠాపరుడు ఈ గంజిని సాక్షాత్తు సాతాను కల్పనగా నిందించాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. బోధకుల మాటకు కొన్నిసార్లు పట్టే గతి అదే! పైగా నేడు పండుగనాడు వేదిక నెక్కే మేము వేసుకొనే తెల్ల అంగీలకే గంజి ఎక్కువ.

అక్కడ చాలాకాలం గోధుమనుండే గంజిపిండి తీసేవారు. బియ్యంనుండి సులువుగా తీసే పద్ధతికి ఆర్లాండో జోన్స్ అనే ఆయన 1840లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అనగా ఫాక్స్ దొర ఓడ దిగడానికి సుమారు ఒక ఏడాది ముందు. మన ఇండ్లలో పేటెంటు లేకుండానే ప్రతి పూటా వార్చే వస్తువది. ఈ దేశానికి వచ్చిన తెల్లవారు మన మాటనే వారి భాషలో కలుపుకొన్నారు. యూల్, బర్నెల్ అనే పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ‘కంజీ’ అనే పదముంది. తమిళ పదంనుండి వచ్చిందని దానికి వివరణ. రోగుల ఆహారమనీ, చాకలివారు బట్టలకు పెట్టేదనీ రెండర్థాలూ అక్కడే ఇచ్చారు. సిపాయిల పటాలంలో శిక్షపడినవారిని ఉంచే కొట్టును ‘కంజీ హౌసు’ అనేవారనీ, అక్కడివారికి పెట్టే తిండినిబట్టి ఆ పేరు వచ్చిందనీ వ్రాశారు. ఒకే కుండలోని గంజి దొరసాని లంగాకూ, ఖైదీ కడుపుకూ వెళ్ళిందన్నమాట.

గంజియే కాదు, పెటికోటు గుడ్డ కూడా మన తీరంనుండి వెళ్ళినదే. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను బందరులో వర్తకానికి దిగారు. వారిని రప్పించినవి ఇక్కడి నూలుగుడ్డలు, ముఖ్యంగా రంగులద్దిన చీటిగుడ్డలు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరునుండి తీసే ఎరుపు అప్పట్లో ఎంతో పేరుపొందినది. 1618 మొదలు 1622 వరకు బందరులో ఉన్న విలియం మెథ్వోల్డు ఈ రంగులు ఉతికినా వెలిసిపోవని ఆశ్చర్యపడ్డాడు. అద్దకం పూర్తయిన గుడ్డకు బియ్యపు గంజి పెట్టి, కొయ్యతో బాది, శంఖంతో రుద్ది మెరుగు పెట్టేవారు. ఐరోపా స్త్రీలు మోజుపడిన ఆ నిగనిగలో సగం రంగుది, సగం గంజిది.

ఆ కాలంలో పెటికోటు అంటే లోపల దాగి ఉండేది కాదని గుర్తుంచుకోవాలి. 18వ శతాబ్దంలో పైగౌను ముందుభాగం తెరచి ఉండేది. ఆ తెరపులోనుండి పెటికోటు అందరికీ కనబడేది. అందుకే దానిమీద అంతటి పూలు, తీగలు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో మన కోరమాండల్ తీరంలో అద్దిన చీటి పెటికోట్లు నేటికీ భద్రంగా ఉన్నాయి. వీటి గిరాకీ చూసి అక్కడి నేతవారు గోలపెట్టగా, ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసి వీటిని నిషేధించింది. ఫ్రాన్సు అంతకుముందే, 1686లో, నిషేధించి 1759 దాకా సడలించలేదు. ఈ అద్దకపు రహస్యాన్ని 1742లో ఉత్తరరూపంలో ఐరోపాకు తెలియజేసినవాడు కూర్దూ అనే జెస్విటు పాదిరి. తెలుగు బాగా నేర్చినవాడు. తన వద్ద క్రొత్తగా బాప్తిస్మం పొందిన పనివారిని అడిగి ఆయన ఆ వివరాలు సేకరించాడు. ఆత్మల రక్షణకై వచ్చిన బోధకుడు శిష్యుల కులవృత్తి మర్మాన్ని స్వదేశానికి చేరవేయడం సబబేనా? ఆ ఉత్తరం వలననే మనకు నేడు ఆనాటి పద్ధతి తెలుస్తున్నదనే మాట నిజమే. అయినా నాకది సబబుగా తోచదు. తరువాత లాంకషైరు యంత్రాలు వచ్చాయి. అచ్చులతో వేసిన చౌక చీటిగుడ్డ తిరిగి మన తీరానికే దిగింది.

ఇక మిషను నాటి గంజికి వద్దాం. ఫాక్స్ దొర రావడానికి ఎనిమిదేండ్ల ముందే నందన కరువు వచ్చిపోయింది. 1832-33లో గుంటూరు సీమలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది 1855లో. అంటే మొదటి దొరసానుల కాలంలో ఈ డెల్టా నేటి ధాన్యాగారం కాదు. వానను నమ్ముకొన్న నేల. ఆ రోజుల్లో, తరువాత కూడా ఎంతోకాలం, మన సంఘస్థులలో అత్యధికులైన కూలి కుటుంబాలకు గంజి అంటే బట్టకు పెట్టేది కాదు. ఆసామి ఇంటి పెరటి గుమ్మం దగ్గర ముంతలో పోయించుకొని, ఉప్పురాయి వేసుకొని తాగేది. మన పల్లెల్లోని పెద్దవారికి ఈ మాట కొత్త కాదు. అటువంటి సీమలో బట్టకు గంజి పెట్టించుకోవడమే ఒక హోదా. వేదికమీద దొరసాని పెటికోటు ఫెళఫెళలాడుతున్నప్పుడు అది చరిత్రలో ఏ వైపు నిలిచిన శబ్దమో ప్రేక్షకులకు తెలియాలి. కనుక నా సూచన ఏమనగా, రూపకంలో రజక దంపతుల ఘట్టమొకటి చేర్చండి. చవుడు పట్టించిన బట్టలను బానకెత్తి ఉబ్బవేయడం, రేవులో బండమీద ఉతకడం, గంజి పెట్టి తాడుమీద ఆరవేయడం – ఇవన్నీ మాటలు లేకుండానే రెండు నిమిషాలలో చూపవచ్చు.

ఇంటివద్ద ఈ పెటికోట్లు తయారుచేయదలచిన సహోదరీలకు కొన్ని మాటలు. గుడ్డ అచ్చమైన నూలుదే కావాలి. టెర్రికాటన్ వంటివాటికి గంజి సరిగా పట్టదు. లాంగ్‌క్లాత్ శ్రేష్ఠం. ఆ పేరు కూడా ఒకనాడు మన తీరంనుండి పొడవాటి తానులుగా వెళ్ళిన నూలుగుడ్డకు తెల్లవారు పెట్టినదే. అంచు చుట్టుకొలత మూడు నాలుగు గజాలుండేలా నడుము దగ్గర కుచ్చులు పోయండి. కింది అరగజంలో బెత్తెడు బెత్తెడు ఎడంగా నాలుగు వరుసలు మడిచి కుట్టి, ఆ మడతలలో లావుపాటి నూలు తాడు దూర్చితే గంజికి పట్టు దొరుకుతుంది. మూడు పెటికోట్లయినా ఉండాలి. ఒక్కదానికే ముద్దగా గంజి పెట్టి సరిపుచ్చుదామంటే అట్టపెట్టెలా ముడతలు విరిగి కనిపిస్తుంది.

ప్రెషర్ కుక్కర్లు వచ్చాక వార్చిన గంజి దొరకడం కష్టమైంది. ఇంకా అన్నం వార్చే ఇంట ఉప్పు వేయని చిక్కటి గంజి అడిగి తెచ్చుకొని గుడ్డలో వడకట్టండి. ఉప్పు తేమను లాగుతుంది గనుక కలిసిన గంజి పనికిరాదు. అది కుదరకపోతే పిడికెడు బియ్యప్పిండిని ముందుగా చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే లీటరు నీటిలో పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. తెల్లని పిండినీరు కాస్తా పారదర్శకమై చిక్కబడితే ఉడికినట్టు. పచ్చిపిండి బట్టమీద పొడిగా రాలిపోతుంది తప్ప బిగుసుకోదు. ఇస్త్రీ పెట్టెకు అంటుకోకుండా వేడి గంజిలోనే చిటికెడు తెల్ల కొవ్వొత్తి మైనం తురిమి కరిగించడం పాత పద్ధతి. సగ్గుబియ్యం గంజి కూడా బాగుంటుంది గాని దానికి మెరుపు ఎక్కువ. బజారులో దొరికే రివైవ్ వంటివి చీరలకు సరే, పెటికోటుకు చాలవు.

పెటికోటును ముందు మంచినీటిలో తడిపి పిండి, ఆ తరువాతనే గంజిలో ముంచాలి. పొడిబట్టను ముంచితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. బాగా దులిపి, పెద్ద కోళ్ళగంపను శుభ్రంగా కడిగి బోర్లించి, గుడ్డ పరచి, దానిమీద ఆరవేయండి. కావలసిన గంట ఆకారం అప్పుడే వస్తుంది. కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. పూర్తిగా ఎండిపోతే నీళ్ళు చిలకరించి, చుట్టచుట్టి గంటసేపు ఉంచి చేయండి. బందరు, అవనిగడ్డ వైపువారు ప్రదర్శన రోజు ఉదయమే ఈ పని ముగించడం మంచిది. సముద్రపు గాలికి సాయంత్రంలోగా గంజి మెత్తబడుతుంది. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన ఘట్టం ఆడేవారు మాత్రం గంజి జోలికి పోవద్దు. ఆ రాత్రి బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమంది చనిపోయారు. షార్కీ దొరసాని నడిపిన వసతి పాఠశాలలోని బాలికలు అనేకమంది వారిలో ఉన్నారు. ఆ ఘట్టంలో బట్టలు ఒంటికి అంటుకొని ఉండడమే న్యాయం.

ప్రదర్శన అయిపోయాక పెటికోట్లను అలాగే మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేయకండి. గంజి వాసనకు బొద్దింకలు, వెండిపురుగులు, ఎలుకలు చేరతాయి. మడత పడినచోట నూలు కూడా విరుగుతుంది. గోరువెచ్చని నీటిలో రెండుసార్లు జాడించి, గంజి పూర్తిగా పోయిందని చేతికి తెలిశాక, ఎండలో ఆరవేసి, మెత్తగా చుట్టి, పాత చీర ముక్కలో మూటకట్టి ఉంచండి.