చెరువు కట్ట మీద రాజ్యాంగం

సరూర్‌నగర్ చెరువు 1626లో పుట్టిందంటారు. ఆ లెక్కన 2026కి దానికి నాలుగు వందల ఏళ్లు. దాని మీద ఏదైనా రాయమని ఆదివారం అనుబంధం వాళ్లు అడిగారు. పరీక్షల కాలం కాబట్టి పిల్లలకు చదువు చిట్కాలు కూడా కావాలన్నారు. ఈ రెండూ ఒకే వ్యాసంలో ఎలా ఇముడుతాయని ఎవరైనా అడగొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదివినవాళ్లు మాత్రం అడగరు. ఆ చెరువు కట్ట మీద నడుస్తూ భారత రాజ్యాంగాన్ని అప్పజెప్పినవాళ్లు ఇవాళ తహసీల్దార్ ఆఫీసుల్లో, బ్యాంకు కౌంటర్ల వెనక, హైస్కూలు స్టాఫ్‌రూముల్లో కూర్చుని ఉన్నారు.

చిట్కాలకేం, ప్రతి మార్చిలోనూ ప్రతి పత్రికా వేస్తుంది. తెల్లవారుజామున లేవండి, ముఖ్యమైన వాక్యాల కింద రంగు పెన్నుతో గీయండి, ఫోను పక్కన పెట్టండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గదుల్లో పనిచేసిన కిటుకు వేరే. చదివింది మూసేయాలి, ఎదుటివాడికి అప్పజెప్పాలి. తప్పుపోతే మళ్లీ తెరవాలి. రెండ్రోజులు ఆగి మళ్లీ అప్పజెప్పాలి. ఇంతకుమించిన పద్ధతి ఈ నాలుగు వందల ఏళ్లలో ఎవరూ కనిపెట్టలేదని నా నమ్మకం.

కుతుబ్‌షాహీలు పోయారు, మొగలులు వచ్చి వెళ్లారు, నిజాములు కుదురుకున్నారు. నగరానికి తూర్పున ఉన్న ఈ శివారులో చరిత్ర పట్టించుకున్నది చెరువులనూ తోటలనూ జాగీర్లనూ. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు పొలాలు ప్లాట్లయ్యాక ఆయన పేరే ఊరి పేరుగా మిగిలిందని చెబుతారు. చదువు సంగతికొస్తే, ఏ తెలుగు పల్లెలోనైనా ఉన్నది వీధిబడే. ఇసుకలో అక్షరాలు దిద్దడం, పొద్దుగూకే వేళ వరసగా నిలబడి ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, ప్రభవ విభవ మొదలు అరవై సంవత్సరాల పేర్లూ ఒప్పజెప్పడం. తప్పినవాడికి కోదండం. ఆ బడిని తలచుకుని మురిసిపోయేవాళ్లెవరూ కోదండం ఎక్కినవాళ్లు కాదని నా అనుమానం. దండన మాట వదిలేస్తే, చేతిలో పుస్తకం లేకుండా చదువు నోటి నుంచి రాబట్టిన తీరు మాత్రం గట్టిది. పంతులుగారికి ఆ పద్ధతి మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, పిల్లలకివ్వడానికి పుస్తకాలు లేవంతే.

విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె పేరిట సరూర్‌నగర్‌లో వెలసిన అనాథాశ్రమమే నేటి వీఎం హోమ్. మెట్రో స్టేషన్‌కు ‘విక్టోరియా మెమోరియల్’ అన్న పేరు వచ్చింది దాని వల్లే. ఇంటికి దూరంగా, పదిమందితో కలిసి ఒకే కప్పు కింద పడుకుని చదువుకునే పిల్లలు ఈ చుట్టుపక్కల కనిపించడం దానితోనే మొదలైందనుకోవచ్చు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. అదే ఏడాది కొత్వాలు వెంకటరామారెడ్డి పూనికతో నగరంలో రెడ్డి హాస్టల్ తెరిచారు. తర్వాత దాని బాధ్యత తీసుకున్న సురవరం ప్రతాపరెడ్డి అక్కడ చక్కటి గ్రంథాలయాన్ని పెంచారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి, పరీక్ష ఉర్దూలో రాయాల్సిన పల్లెటూరి కుర్రాళ్లకు హాస్టలంటే తిండీ పడకా మాత్రమే కాదు. తెలియని మాట అడిగితే చెప్పే తోటివాడు పక్క మంచం మీదే ఉంటాడు.

ఉస్మానియాకు ఫర్మానా వెలువడిన 1917లోనే అమెరికాలో ఆర్థర్ గేట్స్ అనే పరిశోధకుడు స్కూలు పిల్లల మీద ఒక ప్రయోగం ఫలితాలు అచ్చువేశాడు. చదివే సమయంలో సగానికి పైగా అప్పజెప్పడానికే వాడుకున్న పిల్లలకు, అంతసేపూ చదువుతూనే కూర్చున్న పిల్లల కన్నా ఎక్కువ గుర్తుంది. అంతకు ముందే, 1885లో, జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎన్ని గంటలకు ఎంత మరిచిపోతున్నాడో తానే కొలుచుకున్నాడు. నేర్చింది మొదటి గంటల్లోనే గబగబా జారిపోతుందని, మధ్యలో వ్యవధి ఇచ్చి మళ్లీ పట్టుకుంటే నిలుస్తుందని తేల్చాడు. మన వీధిబడి పంతులు ఈ ఇద్దరి పేర్లూ వినలేదు, వినాల్సిన అవసరమూ రాలేదు.

ఇక నాకిష్టమైన కాలానికి వస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల అడ్డా ఎందుకయిందని అడిగితే చాలామంది ఏదో ఒక సంస్థ పేరో, సారు పేరో చెబుతారు. నా మటుకు జవాబు బస్సులో ఉంది. విజయవాడ రోడ్డు మీదుగా ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ, కృష్ణా, గుంటూరు జిల్లాల బస్సులు ముందుగా ఎల్బీనగర్ చౌరస్తాకే వస్తాయి. దేవరకొండ, మాచర్ల వైపు నుంచి సాగర్ రోడ్డు కూడా వచ్చి కలిసేది అక్కడే. బియ్యం మూట, పచ్చడి సీసా, చాప చుట్ట దించుకున్న కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్ దాటి లోపలికి వెళ్లాలంటే సిటీ బస్సు మారాలి, అద్దె పెరుగుతుంది. దిగినచోటే రూము వెతుక్కున్నాడు. రూములున్నచోటికి కోచింగ్ వచ్చింది. కోచింగ్ వెంట జిరాక్సు సెంటరు, మెస్సు, కర్రీ పాయింటు, పాత పుస్తకాల బండి వచ్చాయి.

1990లలో, 2000ల మొదట్లో చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం మేడల మీద రేకుల గదులుండేవి. గదికి నలుగురు, ఫ్యాను ఒకటి. వేసవిలో రేకు కాగి మధ్యాహ్నం లోపల కూర్చోలేం. పండ్ల మార్కెట్ పక్కనే కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సందులన్నీ మామిడి వాసన, సాయంత్రానికి మెత్తబడ్డ కాయలు చవకగా దొరికేవి. పరీక్షల టెన్షన్‌లో అన్నం సహించనివాడు కూడా మామిడిపండు వదిలేవాడు కాదు.

ఒక్కడే అన్ని పుస్తకాలూ కొనలేడు, అందుకని పంచుకునేవాళ్లు. ఒకడికి పాలిటీ, ఒకడికి ఎకానమీ, ఒకడికి చరిత్ర, లెక్కలొచ్చినవాడికి మెంటల్ ఎబిలిటీ. ఎవడి సబ్జెక్టు వాడు తెలుగు అకాడమీ పుస్తకం ముందేసుకుని పగలంతా చదివి, సాయంత్రం మిగతా ముగ్గురికీ చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచిన మరుక్షణమే తనకేం రాదో వాడికే తెలిసిపోయేది. పుస్తకం చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. ద్రవ్యలోటుకూ రెవెన్యూ లోటుకూ తేడా ఏమిటని ఎదుటివాడు అడిగినప్పుడే బండారం బయటపడుతుంది.

చీకటి పడే వేళకు గుంపులు చెరువు కట్ట వైపు నడిచేవి. చేతిలో పుస్తకం ఉండకూడదన్నది షరతు.

“ఆర్టికల్ 280?”

“ఫైనాన్స్ కమిషన్.”

“312?”

“అఖిల భారత సర్వీసులు... ఆగన్నా, 312 ఏనా?”

“చాయ్ నీదే.”

జవాబు సరైనదే అయినా తడబడ్డాడు కాబట్టి చాయ్ బాకీ వాడిదే. 315 మాత్రం ఎవరూ తడబడేవారు కాదు, అది పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ఆర్టికల్. కృష్ణా నదికి కుడివైపు ఉపనదులేవో ఎడమవైపు ఉపనదులేవో అనేది ఎప్పటికీ తెగని పేచీ. అప్పుడొకడు చెరువునే కృష్ణ అనుకుని, నీళ్లు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి, రెండు చేతులూ చాచేవాడు. “ఇటు తుంగభద్ర, ఘటప్రభ, మలప్రభ. అటు భీమా, డిండి, మూసీ.” వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు ఆ చాచిన చేతుల కింద నుంచి వంగి వెళ్లేవాళ్లు. ఆ భంగిమ చూసినవాడు జన్మలో తుంగభద్రను ఎడమవైపు పెట్టడు.

పరీక్ష అయిన రాత్రి జిరాక్సు సెంటరు ముందు ఇంకో సభ జరిగేది. ఎవరో ఒక ఫ్యాకల్టీ చేత్తో రాసిచ్చిన ‘కీ’ కాపీలు ఇంకా వెచ్చగా ఉండగానే చేతులు మారేవి. ఒకడు ట్యూబ్‌లైటు కింద నిలబడి ఒకటో నంబరు నుంచి నూట యాభై దాకా గట్టిగా చదువుతుంటే, మిగతావాళ్లు ప్రశ్నపత్రం మీద టిక్కులు పెట్టుకునేవాళ్లు. కీ తప్పని వాదించేవాళ్లు, అకాడమీ పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపించేవాళ్లు. నిజానికి వాళ్లు ఆ రాత్రి నేర్చుకున్నంత గట్టిగా పరీక్ష ముందు నేర్చుకోలేదు. తప్పు రాసిన బిట్టును మనిషి మరిచిపోడు.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే ఇంకోలా చూపించారు. విద్యార్థులకు పాఠాలిచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పాఠం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు దాటేశారు. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉన్నవాళ్లు తిరగ చదువుకోవచ్చు. మనవాళ్లకు నోటిఫికేషన్‌కూ పరీక్షకూ మధ్య ఎన్ని నెలలుంటాయో చెప్పేవాళ్లే లేరు.

అక్కడి నుంచి కథ వరస తప్పుతుంది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, కోచింగ్ క్లాసులు వదిలి రోడ్డంతా కుర్రాళ్లతో నిండి ఉన్న వేళ, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. చనిపోయినవాళ్లలో ఉద్యోగం కోసం చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. మరుసటేడు రాష్ట్రం విడిపోయింది, సిలబస్‌లు మారాయి, తెలంగాణ ఉద్యమ చరిత్రే ఒక పేపరయింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది, దిగినచోటే ఆగాల్సిన పని తగ్గింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరిన పిల్లలు, ఆ కాగితం పట్టుకుని విజయవాడ రోడ్డెక్కి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయారు. 2021లో పండ్ల మార్కెట్ కూడా బాటసింగారం వెళ్లిపోయింది. మామిడి వాసన పోయింది, రేకుల గదులు పోయి వాటి మీద అంతస్తులు లేచాయి.

ఆపైన కమిషన్ వాయిదాల కాలం. 2022లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ఆ అక్టోబరులో జరిగి పేపరు లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగి హైకోర్టులో రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మూడోసారి రాశారు. 783 పోస్టుల గ్రూప్-2 సంగతి సరే సరి. 2023 ఆగస్టు అన్నారు, నవంబరన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టన్నారు, చివరికి డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. వ్యవధి ఇచ్చి మళ్లీ మళ్లీ చదవాలని ఎబింగ్‌హౌస్ చెప్పినదాన్ని ఇంత నిష్ఠగా అమలు చేసిన ప్రభుత్వ సంస్థ ప్రపంచంలో ఇంకోటి ఉండదు. కాకపోతే ఆయన గదికి అద్దె కట్టి చదవలేదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులో చూసినా స్టడీ హాల్ బోర్డే. లోపల ఏసీ, మనిషికొక చెక్క గూడు, ప్లగ్ పాయింటు, లాకరు, నెలకింతని ఫీజు. ఆడపిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా నిశ్చింతగా కూర్చుని చదువుకునే చోట్లు ఇన్ని ఏర్పడటం మంచి మార్పే. పాత గుంపుల్లో, చెరువు కట్ట మీద, వాళ్లకు చోటుండేది కాదని కూడా ఒప్పుకోవాలి. కానీ గూట్లో తల దూర్చి, రంగు పెన్ను పట్టుకుని, టెలిగ్రామ్‌లో దిగిన అదే పీడీఎఫ్‌ను నాలుగోసారి చదువుతున్నవాణ్ని చూస్తే వెనక నుంచి వెళ్లి “మూసి చెప్పు తమ్ముడూ” అనబుద్ధవుతుంది. ఫోనులో టెస్ట్ సిరీస్ రాస్తున్నాం కదా అంటారు. రాయకపోవడం కన్నా అది ఎంతో నయం. అయితే బిట్టులో నాలుగు జవాబులు కళ్లముందుంటాయి, వాటిలో ఒకటి గుర్తుపడితే చాలు. గ్రూప్-1 మెయిన్స్‌లో తెల్ల కాగితమే ఉంటుంది, ప్రిలిమ్స్ అవలీలగా దాటినవాళ్లు చాలామంది అక్కడే చతికిలబడతారు.

స్టడీ హాల్‌లో గుసగుస కూడా నిషేధం. దాంతో అప్పజెప్పుకునేవాళ్లు మెట్ల మీదికి చేరారు. చైతన్యపురిలో ఒకచోట మెట్ల గోడకు ‘ఇక్కడ గుమిగూడి మాట్లాడరాదు’ అని కాగితం అంటించారు. పాపం వాళ్లెక్కడ మాట్లాడుకోవాలని యజమానిని అడిగాను. పై అంతస్తులో డిస్కషన్ రూము తెరవబోతున్నామని, దానికి నెలకు వేరే ఫీజు ఉంటుందని చెప్పి, మీ పిల్లలెవరైనా చదువుతున్నారా సార్ అని అడిగాడు.