సమాధి రాతల నమోదు: భారతదేశంలోని యూరోపియన్ శ్మశానవాటికలు

శ్మశానవాటికల్లో రాళ్లపై చెక్కిన పేర్లు, తేదీలు, బంధుత్వాలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాసి, వంశచరిత్ర వెతుక్కునేవారికి అందుబాటులో ఉంచే పనే సమాధి రాతల నమోదు. భారతదేశంలో ఇది ముఖ్యంగా యూరోపియన్ల సమాధుల చుట్టూ సాగింది. ఒకప్పుడు అధికారులు చేసిన ఈ పనిని 1970ల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు తలకెత్తుకున్నారు.

తొలి జాబితాలు

కలకత్తాలో సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక 1767లో మొదలైంది. ఆ నగరంతో పాటు ఇతర ప్రాంతాల్లోని సమాధి రాతలతో హోమ్స్ అండ్ కో 1848లో ‘బెంగాల్ ఒబిట్యువరీ’ అచ్చువేసింది. 1896లో సి.ఆర్. విల్సన్ బెంగాల్ జాబితా, 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు జాబితా వెలువడ్డాయి. చారిత్రక, పురావస్తు ప్రాధాన్యం ఉన్న సమాధుల జాబితాలని వీటి శీర్షికల్లోనే ఉంది. దాంతో పెద్ద హోదాల వారికి దక్కిన చోటు మామూలు సైనికులకు, పసిబిడ్డలకు దక్కలేదు. వంశచరిత్ర వెతికేవారికి కావలసింది మాత్రం ఆ మామూలు పేర్లే.

తెలుగు ప్రాంతాలు

డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పారు. అక్కడి డచ్ సమాధులను, భీమునిపట్నం సమాధులను అలెగ్జాండర్ రియా పరిశీలించి 1897లో గ్రంథంగా ప్రకటించాడు. నిజాం రాజ్యంలోని సమాధి రాతలను ఓ.ఎస్. క్రాఫ్టన్ 1941లో జాబితాగా తెచ్చాడు. సమాధులను ఆనవాలు పట్టడంలో ఉండే చిక్కుకు మద్రాసు గవర్నర్ థామస్ మన్రో మంచి ఉదాహరణ. ఆయన 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించగా గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఒక్క చోటి రాయినే చూసినవారికి ఈ కథ సగమే తెలుస్తుంది.

స్వచ్ఛంద సంఘాలు

స్వాతంత్ర్యం తర్వాత చాలా శ్మశానవాటికల ఆలనాపాలనా కరవైంది. 1976లో థియోన్ విల్కిన్సన్ ‘బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ సెమెటరీస్ ఇన్ సౌత్ ఏషియా’ను స్థాపించారు. ఈ సంఘం ‘చౌకీదార్’ పత్రికను, ఒక్కో శ్మశానవాటిక వివరాలతో పుస్తకాలను వెలువరించింది. 1998లో ఏర్పడిన ‘ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ’ కార్యకర్తలు ఎత్తిరాసిన వివరాలను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు.

పని తీరు

ముందుగా స్థలం పటం గీసి, వరసలకు, సమాధులకు అంకెలు వేస్తారు. రాతను పంక్తి పంక్తిగా, తప్పులతో సహా దించుకుంటారు. చెరిగిన అక్షరాలను ఊహించి పూరించకుండా కుండలీకరణాల్లో ఖాళీ వదులుతారు. అరిగిన రాత నడిమధ్యాహ్నపు ఎండలో కనబడదు. పక్కనుంచి అద్దంతో వెలుగు పడేలా చేస్తే గాట్లలో నీడ నిలిచి అక్షరాలు తేలతాయి. సీసపు అక్షరాలు ఊడిపోయిన చోట, వాటిని బిగించిన రంధ్రాల అమరికను బట్టి పేరు చదవవచ్చు. మెత్తని కుంచె, నీళ్లు సరిపోతాయి. ఇనుప బ్రష్షు, ఆమ్లం రాతిని తినేస్తాయి.

ప్రయోజనం

మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల ఖనన పట్టికల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పట్టికలో ఖననం తేదీ దొరుకుతుంది. రాయి మీద భార్య పేరు, సొంతూరు, పటాలం, ఫలకం వేయించినవారి పేర్లు కూడా ఉండవచ్చు. వయసును ఏళ్లు, నెలలు, రోజుల్లో చెక్కితే పుట్టిన తేదీని లెక్కగట్టవచ్చు. అయితే చెక్కినవారూ పొరబడతారు కాబట్టి రెండింటినీ సరిచూడాలి.

రాయి పగిలినా, స్థలం చేతులు మారినా మిగిలేది నకలే. తెలుగులో చెక్కిన క్రైస్తవ సమాధులకూ ఇదే వర్తిస్తుంది. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లే కుటుంబాలు, సున్నం వేసే ముందు ప్రతి రాయినీ ఫొటో తీసి, దాని మీది రాతను ఒక పుస్తకంలో దించుకోవాలి.