పెట్టెలో మావయ్య పద్యం

"ఏవండీ, నాన్న మళ్ళీ ఆగిపోయారు!"

హాల్లోంచి కేక వినగానే అతను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. టీవీ తెరమీద డెబ్భై దాటిన పెద్దాయన. భుజాన కంబళి, చేతిలో కాటికాపరి కర్ర. పద్యం చివర రాగం తీస్తూ, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. టీవీ కింది పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. కాసేపటికి బొమ్మ పోయింది. పెట్టె దానంతటదే ఆగి, మళ్ళీ మొదట్నుంచి లేవడం మొదలుపెట్టింది.

2003 చివర్లో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగిన సంగతి ఇది. పేర్లు వద్దు, మాటల్లో కొన్ని అతుకులు నావి.

ఆ పెట్టె టీవో. జిమ్ బార్టన్, మైక్ రామ్సే అనే ఇద్దరు 1997లో పెట్టిన కంపెనీది. 1999 మార్చి 31న తొలి పెట్టెలు బయటికొచ్చాయి. టేపు లేకుండా, లోపలున్న హార్డ్ డిస్కు మీదే టీవీ కార్యక్రమాలు రికార్డు చేస్తుంది. కంపెనీ ఆఫీసు అల్విసోలో, వీళ్ళింటికి దగ్గరే. కానీ వెళ్ళి తలుపు తట్టి మా మావయ్య పద్యం తీసిపెట్టమని అడిగేదేముంది?

మావగారిది తెనాలి. రిటైరైన తెలుగు మాస్టారు, హరిశ్చంద్ర వేషానికి పేరున్న మనిషి. స్వభాను ఉగాదికి కూతురింట్లో ఉన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళ సంబరాల్లో కాటిసీను వేశారు. ఆ సీనులో పాడే జాషువా పద్యాలంటే ఆంధ్రదేశంలో నాటకాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. హార్మోనియం ఒక్కటే తోడు. ఊరి కేబుల్లోని కమ్యూనిటీ ఛానెల్ దాన్ని ఒకే ఒక్కసారి ప్రసారం చేసింది. అల్లుడు అన్నిటికన్నా మేలైన క్వాలిటీలో రికార్డు పెట్టి, 'నేను తుడిచేదాకా ఉంచు' అన్న గుర్తు కూడా వేశాడు. మావగారు తెనాలి వెళ్ళిపోయారు. ఛానెల్ వాళ్ళని కాపీ అడిగితే ఆ టేపు మీద ఇంకేదో ఎక్కించేశామన్నారు. ఇక ఉన్నదల్లా ఈ పెట్టెలోదే.

టీవో నుంచి వీసీఆర్‌కి ఎక్కించుకునే ఏర్పాటు ఉంది. కానీ అది మామూలుగా ఆడితేనే. పద్యం చివరికి రాగానే పెట్టె పడిపోతుంటే వీసీఆర్ మాత్రం ఏం చేస్తుంది?

శనివారం పొద్దున్నే మిత్రుడొచ్చాడు. బెజవాడవాడు, పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. చేతిలో 120 జీబీ కొత్త డిస్కు, నక్షత్రం ఆకారపు మొనున్న టార్క్స్ స్క్రూడ్రైవర్.

"160ది కొనకపోయావా గురూ, రెండూ ఒకే ధరకి వస్తున్నాయిగా?"

"నీ పెట్టె 137 జీబీ దాటి చూడలేదు. మిగతాది దండగ."

మూత తీశారు. పవర్ సప్లై బయటికే కనబడుతోంది. తీగ పీకేసినా దానిలో కరెంటు కాసేపు మిగిలే ఉంటుందని, అటు చెయ్యి పోనివ్వొద్దని మిత్రుడు హెచ్చరించాడు. పాత 40 జీబీ డిస్కు బయటికొచ్చింది. చూసేసరికి ఆవిడకి దిగులేసింది.

"ఇది పట్టుకెళ్ళి ఇంకెవరింట్లోనైనా టీవోలో పెట్టి చూస్తే?"

"రాదమ్మా. ఈ రకం పెట్టెల్లో రికార్డింగుకి తాళం వేస్తారు. తాళంచెవి డిస్కులో ఉండదు, పెట్టె మదర్‌బోర్డు మీదున్న చిప్పులో ఉంటుంది. ఇంకో పెట్టెలో పెడితే 51 నంబరు ఎర్రరు చూపించి, ఉన్నదంతా తుడిచెయ్యమంటుంది. నాన్నగారి పద్యం ఈ ఒక్క పెట్టెకే వినబడుతుంది."

పీసీలో విండోస్ డిస్కు కేబులు ముందే పీకేశారు. టీవో డిస్కు తగిలించి విండోస్ 2000గానీ ఎక్స్‌పీగానీ ఎక్కిస్తే, అది చెప్పాపెట్టకుండా ఆ డిస్కు మొదట్లో తన ముద్ర రాసేస్తుంది. దానితో టీవో ఇక లేవదు. అందుకని లినక్స్ సీడీతో లేపారు. టీవో లోపల నడిచేది కూడా లినక్సే. ఈ పని చేసుకోవడానికి ఔత్సాహికులు రాసి ఊరికే పంచిన ప్రోగ్రాములు, ఎంఎఫ్ఎస్ టూల్స్, అదే సీడీలో ఉన్నాయి.

అల్లుడు బ్యాకప్ కమాండు టైపు చేస్తుంటే మిత్రుడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. అందరూ వాడే ఆ మామూలు వరసలో రికార్డింగులు రావు."

"మరేమొస్తాయి?"

"సాఫ్ట్‌వేరు, నీ సెట్టింగులు, తెరమీద గెంతే ఆ టీవో బొమ్మ. బ్యాకప్ చిన్నదవ్వాలని రికార్డింగుల్ని వదిలేస్తుంది."

నాకు ఈ కథంతటిలోనూ ఇక్కడే గుచ్చుకుంటుంది. వీడియో పెట్టె కొనేదే రికార్డింగుల కోసం. దానికి బ్యాకప్ తీసేటప్పుడు మొదట బయట పారేసేది వాటినే. టీవీ కార్యక్రమం కదా, మళ్ళీ వస్తుందిలే అన్న లెక్క. కార్టూన్లకీ క్రికెట్‌కీ ఆ లెక్క సరిపోతుందేమో. తెనాలి మాస్టారి కాటిసీనుకి పునఃప్రసారం ఎక్కడిది?

రికార్డింగులతో సహా తెచ్చే వరస కూడా ఉంది. కానీ డిస్కు దెబ్బతిన్నది, చదవలేని చోటు తగలగానే అది ఆగిపోతుంది. మిగిలింది ఒక్కటే దారి. లోపల ఏముందో పట్టించుకోకుండా, పాత డిస్కుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొత్తదాని మీదికి దించెయ్యడం. ఆ కమాండు పేరు డీడీ. చదవలేని ముక్క తగిలితే ఆగకుండా, ఆ చోట సున్నాలు పెట్టి ముందుకెళ్ళమని చెప్పొచ్చు. అలా చేస్తేనే తర్వాతి ముక్కలు వాటి వాటి స్థానాల్లో పడతాయి. ముక్క ఎంత చిన్నదైతే నష్టం అంత తక్కువ. నాలుగు కేబీ చాలన్నాడు మిత్రుడు.

లినక్స్ లెక్కలో పాత డిస్కు పేరు హెచ్‌డీసీ. కొత్తదాని పేరు హెచ్‌డీడీ. తేడా ఒక్క అక్షరం. ఎక్కణ్ణించి, ఎక్కడికి అన్న రెండూ తారుమారైతే, ఖాళీ డిస్కు వచ్చి మావగారి మీద పడుతుంది. డీడీ 'నిజంగానా?' అని అడిగే రకం కాదు.

"సైజులు చదువు."

"హెచ్‌డీసీ 40. హెచ్‌డీడీ 120."

"ఇంకోసారి."

ఇంకోసారి చదివి, ఎంటర్ కొట్టారు. తెర నల్లగా ఉండిపోయింది. డీడీ ఎంతయిందో చెప్పదు. రెండో తెరలోకి వెళ్ళి దానికి సంకేతం పంపితేనే లెక్క చెబుతుంది. మొత్తం ముక్కలు 97 లక్షల పైచిలుకు. భోజనాలయ్యాయి. ఒకచోట లెక్క కదలడం మానేసింది. డిస్కు టిక్కుటిక్కుమంటూ అక్కడే కొట్టుకుంటోంది. ఎర్రర్ల వరస తెర దాటిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. అర్ధరాత్రి దాటాక మళ్ళీ కదిలింది, పూర్తయింది.

కొత్త డిస్కుని పెట్టెలో బిగించి ప్లగ్గు పెట్టారు. తెరంతా ఆకుపచ్చ! పెద్ద సమస్య తగిలింది, సరిచేసుకుంటున్నాను, సుమారు మూడు గంటలు పడుతుంది, ప్లగ్గు తియ్యొద్దు అని రాసుంది.

"పోయిందా?" అందావిడ.

"సున్నాల్లో కొన్ని డేటాబేసులో పడ్డట్టున్నాయి. అతుకులు వేసుకుంటోంది. పడుకోండి."

ఎవరు పడుకుంటారు? తెల్లారగట్ల పెట్టె దానంతటదే లేచింది. జాబితాలో ఉగాది కార్యక్రమం ఉంది. పద్యం చివరికి రాగానే తెర చతురస్రాలుగా పగిలి, కొన్ని క్షణాలు మాట పోయి, మళ్ళీ అతుక్కుని ముందుకెళ్ళింది! ఆ పూటే వీసీఆర్‌కి ఒక కాపీ ఎక్కించారు. ఆ తర్వాతే మిగిలిన ఖాళీని టీవోకి కలిపే కమాండు కొట్టారు. రికార్డింగు గంటలు దాదాపు మూడింతలయ్యాయి. ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

2005 జనవరిలో కంపెనీయే టీవోటుగో అని, రికార్డింగుల్ని పీసీలోకి తెచ్చుకునే సదుపాయం ఇచ్చింది. దానితో ఆ కార్యక్రమాన్ని డీవీడీ చేసి, వేసవిలో తెనాలి పట్టుకెళ్ళారు. మావగారు కళ్ళజోడు తుడుచుకుని, ఇరుగుపొరుగుని పిలిచి కూర్చున్నారు. పద్యం చివరికొచ్చింది. తెర పగిలింది, అతుక్కుంది. తెరమీది హరిశ్చంద్రుడు అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు.

"అల్లుడుగారూ, ఆపండాపండి. ఇక్కడ జనం వన్స్ మోర్ అని అరిచారు. ఆ అరుపులేవీ?"

"అక్కడే మావయ్యగారూ, డిస్కు దెబ్బతింది."

"అది దెబ్బతినడానికి ఇంకో చోటే దొరకలేదా? ఇప్పుడిది చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అడక్కుండానే రెండోసారి పాడాడనుకోరూ!"