ధ్వని జాప్యం (కంప్యూటర్ సంగీతం)

కంప్యూటరుకు కలిపిన కీబోర్డుపై మీటను నొక్కిన క్షణానికీ, ఆ స్వరం హెడ్‌ఫోన్‌లో గాని స్పీకరులో గాని వినిపించే క్షణానికీ మధ్య గల వ్యవధిని ధ్వని జాప్యం లేదా లేటెన్సీ అంటారు. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఒక మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యవ వంతు. జాప్యం ఎక్కువైనప్పుడు వాద్యకారుడు తాను వాయించిన స్వరాన్నే ఆలస్యంగా వింటాడు. దానికి సర్దుకొనే ప్రయత్నంలో చేతివేగం మందగించి లయ తప్పుతుంది.

కారణాలు

కీబోర్డు నుండి కంప్యూటరుకు స్వరవివరాలను చేరవేసే మిడి ప్రమాణం 1983లో వెలువడింది. ఐదు పిన్నుల మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు ప్రయాణిస్తాయి. ఒక స్వరానికి సంబంధించిన సందేశం చేరడానికి దాదాపు 1 మిల్లీసెకను చాలు. కనుక జాప్యానికి ముఖ్యకారణం తీగ కాదు, కంప్యూటరులోని బఫరు.

కంప్యూటరు ఒకేసారి అనేక పనులు చేస్తుంది. అందువలన ధ్వని నమూనాలను (శాంపిళ్లను) ఒక్కొక్కటిగా కాక గుంపులుగా సిద్ధపరచి పంపుతుంది. ఆ గుంపును తాత్కాలికంగా నిలువ ఉంచే స్థలమే బఫరు. గుంపు పెద్దదైన కొద్దీ నిరీక్షణ పెరుగుతుంది.

లెక్కించే విధానం

బఫరులోని నమూనాల సంఖ్యను సెకనుకు తీసుకొనే నమూనాల సంఖ్యతో భాగిస్తే ఒక బఫరు వలన కలిగే జాప్యం తెలుస్తుంది. సెకనుకు 44,100 నమూనాలైతే:

* 1024 నమూనాలకు 23.2 మిల్లీసెకన్లు
* 512 నమూనాలకు 11.6 మిల్లీసెకన్లు
* 256 నమూనాలకు 5.8 మిల్లీసెకన్లు
* 128 నమూనాలకు 2.9 మిల్లీసెకన్లు

డ్రైవరు, ధ్వని మార్పిడి పరికరాల జాప్యం దీనికి అదనం. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అనగా 10 మిల్లీసెకన్ల జాప్యం, స్పీకరు దాదాపు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నదానితో సమానం.

తగ్గించే పద్ధతులు

* డ్రైవరు: విండోస్‌లో ఆడియో పరికరంతో వచ్చిన ఆసియో డ్రైవరును ఎంచుకోవాలి. ఆసియోను స్టైన్‌బెర్గ్ సంస్థ 1997లో ప్రవేశపెట్టింది. మ్యాక్‌లో కోర్ ఆడియో, లినక్స్‌లో జాక్, పైప్‌వైర్ ఇదే అవసరాన్ని తీరుస్తాయి.
* బఫరు: రికార్డింగు సమయంలో బఫరును క్రమంగా తగ్గించాలి. ధ్వనిలో చిటపట శబ్దాలు మొదలైతే ప్రాసెసరుకు వ్యవధి చాలడం లేదని గ్రహించి, ఒక మెట్టు పెంచాలి.
* ప్లగిన్లు: రాబోయే ధ్వనిని ముందుగా పరిశీలించే లిమిటర్ల వంటివి అదనపు జాప్యం కలిగిస్తాయి. రికార్డింగు ముగిసేవరకు వాటిని ఆపివేయాలి.
* నేరుగా వినడం: కీబోర్డు సొంత ధ్వనిని రికార్డు చేసేటప్పుడు, దానిని కంప్యూటరు గుండా కాక ఆడియో పరికరం నుండే వినవచ్చు. స్వరం సాఫ్ట్‌వేర్ వాద్యం నుండి పుట్టేటప్పుడు ఈ పద్ధతి పనిచేయదు.
* హెడ్‌ఫోన్లు: బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తరచుగా 100 మిల్లీసెకన్లకు పైగా జాప్యం కలుపుతాయి. తీగ గల వాటినే వాడాలి.

రికార్డింగు తరువాత

మిక్సింగు దశలో ఎవరూ వాయించరు కనుక జాప్యం బాధించదు. అప్పుడు బఫరును 512కు గాని 1024కు గాని పెంచితే ప్రాసెసరుపై భారం తగ్గి, ఆపివేసిన ప్లగిన్లను తిరిగి వాడుకొనే వీలు కలుగుతుంది.