సముద్రమునకు ముందొక మజిలీ

ఏ దిక్కునకు నడచినను సముద్రము కానరాని నిజామాబాదు సీమలోని భీమ్‌గల్ వంటి యూరికి ఓడరేవుతో నేమి సంబంధమని యెవరైన నడుగవచ్చును. పసుపుచేలును, లింబాద్రిగుట్ట నరసింహస్వామి జాతరయు నీ సీమకెంత సహజములో, దుబాయికి పోయిన కొడుకు పంపిన పైకముతో లేచిన మిద్దెయు నంత సహజమైనది. అయితే ఆ వలస ముచ్చటలలో దుబాయి, మస్కట్టు, బహ్రెయినుల పేర్లే వినవచ్చునుగాని, ఊరికిని ఎడారికిని నడుమనున్న బొంబాయి మజిలీని దలచువారరుదు.

పసుపు తొమ్మిది నెలల పంట. విత్తనము పెట్టినది మొదలు కొమ్ములు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, బేరమునకు తెచ్చువఱకు పెట్టుబడి మన్నులోనే యుండును. ధర పడిపోయిన యేట కౌలుదారునకు మిగులునది అప్పే. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో రోడ్లును భవనములును వెలయుచుండగా, ఆ యప్పు తీర్చు దారి పడమట తోచినది. నిజామాబాదులో రైలెక్కి, మన్మాడులో మీటరుగేజి బండి దిగి బొంబాయికి పెద్ద బండి పట్టుట ఆ దారికి మొదలు.

బొంబాయి తెలంగాణమువారికి క్రొత్తది కాదు. పద్దెనిమిదవ శతాబ్దాంతమున దీవులను కలుపు కట్టలు లేచి నగరము విస్తరించిన పిదప, నిజాము రాజ్యమునుండి పోయిన కామాఠీలు రాళ్లు మోసి, గోడలు కట్టి, కామాఠీపురమున నిలిచిరి. తరువాత పద్మశాలీలు నూలుమిల్లులలో చేరిరి. కావున గల్ఫునకు పోవువాడు బంధువో, ఊరివాడో యున్న గదిలో చోటు దొరకునను ధైర్యముతో బయలుదేరగలిగెను. ఏజెంటు పిలుపు, వైద్యపరీక్ష, వీసా యొకదాని వెనుక నొకటి జాగుచేయుచుండగా రోజులు వారములయ్యెను. ఊరిలో తెచ్చిన యప్పుకు వడ్డీ మాత్రమాగలేదు.

బ్రిటిషు ఇండియా కంపెనీ ఓడలు బొంబాయినుండి కరాచీ, మస్కట్టు, దుబాయి, బహ్రెయినుల మీదుగా పోవుచు డెక్కు ప్రయాణికులను మోసెడివి. వానిలో ‘దారా’ 1961 ఏప్రిల్ 8న దుబాయి చేరువను ప్రేలుడుపాలై 238 మంది మృతికి కారణమయ్యెను. ‘ద్వారకా’ 1982లో విరమించుటతో ఆ కంపెనీ గల్ఫు ప్రయాణికుల సేవ యంతమొందెను. సముద్రమునకు ముందు పడిగాపులు మనవారికే చెందినవి కావు. 1849లో కాలిఫోర్నియా బంగారమునకై పోవువారు పనామా నగరమున పసిఫిక్కు ఓడకై వారములు పడిగాపులు పడిరి. వారు ఓడ లేక వేచిరి. మనవారు ఓడయున్నను కాగితము లేక వేచిరి.

విమానములు వచ్చినను మజిలీ పోలేదు. 1983 నాటి వలస చట్టము ననుసరించి, చదువు తక్కువైన కూలీ వలసాధికారి యనుమతికై వేచియుండవలసివచ్చెను. శంషాబాదు విమానాశ్రయము 2008లో తెఱవబడిన పిమ్మట బొంబాయి ప్రాధాన్యము మఱింత తగ్గెను.

ఈ చరిత్రను పైకము పంపినవారి లెక్కలతోనే వ్రాసిన, గదియు నమ్మదగిన యేజెంటును దొరకక, వడ్డీ భారముతో మరలినవారు గ్రంథమున కెక్కరు. ఇఱుకు గదిలో మఱియొకనికి చాప పఱచిన పేదల యుపకారమును లెక్కకు రాదు. వలసకు ఆస్తిగా నిలిచినది ఆ యూరివారి పరిచయమే.