ముందు కూడికా, ముందు సవరింపా?



1957 ఏప్రిల్ 1న మన దేశంలో నయాపైసలు వచ్చాయి. అప్పుడు నేను పెద్దకడుబూరులో చిన్నపిల్లవాణ్ణి. లెక్కప్రకారం అణాకు ఆరుంబావు నయాపైసలు. పావు పైస నాణెం లేదు గనుక, అణాకు 6 నయాపైసలని ప్రభుత్వం పట్టిక ఇచ్చింది. అంగట్లో రోజుకొక అణా బొరుగులు 16 రోజులు అప్పు తెచ్చారనుకోండి. అణాలన్నీ కూడి మార్చితే 100 నయాపైసలు. ఏ రోజుకారోజు మార్చి కూడితే 96. పట్టిక ఒకటే, వరుస మారితే నాలుగు పైసలు తేడా.

అదే నెలలో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ, జాన్ బేకస్ బృందం తయారుచేసిన ఫోర్ట్రాన్ కంపైలరును వాడకందార్లకు అందించింది. మనిషి రాసిన సూత్రాన్ని యంత్రభాషలోకి మార్చేదే కంపైలరు. చేత్తో రాసినంత వేగంగా నడవకపోతే ఎవరూ వాడరని బేకస్ భయం. అందుకే పని కుదించి వేగం పెంచే ఉపాయాలు పుట్టుకతోనే అందులో చేరాయి. 1966లో ఆ భాషకు ప్రమాణం ఏర్పడింది. తరువాత వచ్చిన ఫోర్ట్రాన్ 77 ప్రమాణం, బ్రాకెట్లలో పెట్టిన లెక్క వరుసను చెడగొట్టరాదని చెప్పింది.

ఎందుకంటే యంత్రం సాధారణంగా 16 అంకెల దాకే గుర్తుంచుకుంటుంది. 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యకు 1 కలిపి, మళ్లీ ఆ పెద్ద సంఖ్యను తీసివేస్తే సున్నా వస్తుంది. పెద్ద సంఖ్యలోంచి పెద్ద సంఖ్యను ముందే తీసివేసి, తరువాత 1 కలిపితే 1 వస్తుంది.

అయినా ఇంటెల్ కంపెనీ ఫోర్ట్రాన్ కంపైలరు, మనం ఏమీ కోరకపోతే, వేగం కోసం బ్రాకెట్ల వరుసను దాటే వీలు ఉంచుకుంది. ప్రమాణం ప్రకారమే నడవాలంటే ప్రత్యేకంగా అడగాలి. కంపెనీ ఈ సంగతి దాచలేదు, కైపుస్తకంలో రాసింది. అది చదివేవారెందరు?

నా సర్వీసులో ఒక ఆఫీసువారు రిటైరైన అటెండరు బకాయి బిల్లులో నెలనెలా 40 పైసలు కొట్టివేసి, ఆ తరువాత మొత్తం వేశారు. 12 నెలలకు 4 రూపాయల 80 పైసలు పోయాయి. ఆయన మూడుసార్లు తిరిగాడు. "డబ్బు కోసం కాదు సార్, లెక్క సరిగ్గా ఉండాల" అన్నాడు. బిల్లు తిరగరాయించాము.

నేడు బిల్లులు కంప్యూటరే వేస్తున్నది. నియమం కాగితం మీద ఉంటే చాలదు. ఎవరూ అడగనప్పుడు ఏది జరుగుతుందో అదే మన చేతికి వచ్చే లెక్క. కనుక తేడా కనిపిస్తే యంత్రం తప్పు చేయదని ఊరుకోక, ముందు కూడారా, ముందు సవరించారా అని అడగండి.