నేలా కాదు, నీరూ కాదు

ఇంగ్లండు పటంలో తూర్పు వైపు, ఉత్తర సముద్రంలోకి పొట్టలా ముందుకొచ్చిన భాగం నార్ఫోక్. దాని ఉత్తరపు అంచున, టిచ్‌వెల్ అనే ఊరి పక్కన ఉప్పు చిత్తడి ఉంది. పోటుకి నీళ్ళు ఎక్కుతాయి, ఆటుకి దిగిపోతాయి. మధ్యలో పాయలు, బురద, రెల్లు, గుంపులు గుంపులుగా పక్షులు. మన బాపట్ల, నిజాంపట్నం ప్రాంతంలో ఇలాంటి నేలని పర్ర అంటారు. పర్రని చూసినవాళ్ళకి టిచ్‌వెల్ సగం తెలిసినట్టే. మిగిలిన సగం చలి, పొగమంచు.

ఆ చిత్తడి దారిన, సెలవులకి వచ్చిన ఆలుమగలు ఇద్దరు నడుస్తున్నారు. లండన్‌లో చేస్తున్న ఉద్యోగం వదులుకుని, సంసారం మధ్యలో పురావస్తు శాస్త్రం వైపు మళ్ళినవాడు ఆయన. నడుస్తూ నడుస్తూ ఒక మాట అన్నాడు. చరిత్రకు ముందటి మనుషులు ఇలాంటి నేలని పవిత్రంగా చూసేవారట. అది నేలా కాదు, సముద్రమూ కాదు, రెంటి నడిమిది. అందుకే బతుకు నుంచి చావులోకి దాటే వంతెన అక్కడే ఉందని నమ్మేవారట.

ఆ మాట చెవిన పడగానే, మంచులోంచి ఒక మనిషి తన వైపు నడిచి వస్తున్నట్టు తోచిందని ఆ ఇల్లాలు తర్వాత చాలాసార్లు చెప్పారు. ఊరూ పేరూ వృత్తీ అన్నీ ఉన్న నిండు మనిషి. పేరు రూత్ గాలొవే, పని ఎముకలు చదవడం. 2009లో వచ్చిన ‘ది క్రాసింగ్ ప్లేసెస్’ నుంచి 2023లో వచ్చిన ‘ది లాస్ట్ రిమెయిన్స్’ దాకా పదిహేను నవలలు ఆ నడకలోంచే పుట్టాయి. రచయిత్రి ఎలీ గ్రిఫిత్స్.

అది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు డొమెనికా డి రోజా. 1963లో లండన్‌లో పుట్టారు. తండ్రి ఇటలీ మనిషి. చిన్నప్పుడే కుటుంబం దక్షిణ తీరాన బ్రైటన్ వైపు వెళ్ళింది. పదకొండేళ్ళకే తమ ఊరిని రంగస్థలం చేసుకుని ఒక హత్య కథ రాశారు. పెద్దయ్యాక సాహిత్యం చదివి, ప్రచురణ సంస్థలో చేరి, పిల్లల పుస్తకాలకు సంపాదకత్వం చేశారు. ఇతరుల రాతలు దిద్దే ఉద్యోగంలో సొంత రాత వెనకబడింది. కాన్పు సెలవులో ఉండగా మళ్ళీ కలం పట్టారు. ఇటలీ మూలాల చుట్టూ, కుటుంబాల చుట్టూ అల్లిన నాలుగు నవలలు సొంత పేరుతోనే వచ్చాయి. ఐదోదిగా ఈ చిత్తడి కథ పట్టుకెళ్తే, ఇది క్రైమ్ నవల కనుక దానికి తగిన పేరు కావాలని ఏజెంటు చెప్పారు. అప్పుడు తెచ్చుకున్నది అమ్మమ్మ పేరు.

ఆమెకి నార్ఫోక్ సొంత నేల కాదు, కాపురం అక్కడ లేదు. అయితే అక్కడి తీరాన ఒక బంధువు ఉండేవారు, వరసకి ఆంటీ. ఆ ప్రాంతపు దయ్యాల కథలు, పుక్కిటి పురాణాలు చిన్నపిల్ల తలకెక్కించింది ఆవిడే. భర్త మాట విత్తనమైతే, ఆ కథలు ఎప్పుడో దున్ని పెట్టిన దుక్కి. ఇలాంటి విషయాలలో మనం విత్తనాన్నే గుర్తు పెట్టుకుంటాం. నాకు మాత్రం ఆ దుక్కి కూడా అంతే ముఖ్యంగా కనిపిస్తుంది. అదే మాట అదే చిత్తడి మీద ఇంకొకరితో అని ఉంటే గాలికి పోయేది.

ఇక కథలోకి వస్తాను. చిత్తడిలో పిల్ల ఎముకలు బయటపడతాయి. హ్యారీ నెల్సన్ అనే పోలీసు అధికారి గుండెల్లో పదేళ్ళుగా ఒక ముల్లు ఉంది. లూసీ అనే చిన్నపిల్ల మాయమైపోయింది, అతను కనిపెట్టలేకపోయాడు. ఈ ఎముకలు ఆ పిల్లవేనా? దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో ఎముకలు తెలిసినావిడ ఉందని విని రూత్ దగ్గరికి వస్తాడు. ఆమె వచ్చి చూసి చెబుతుంది: ఇవి ఇనుప యుగం నాటివి, రెండు వేల ఏళ్ళ పైబడినవి. ఆమె కళ్ళల్లో ఆనందం. అతని ముఖంలో నిరాశ. ఒకే ఎముక ఒకరికి నిధి, ఇంకొకరికి చేజారిన ఆశ. పదిహేను నవలలకి సరిపడా ఇంధనం ఆ ఒక్క ఘట్టంలోనే ఉందని నా అభిప్రాయం.

శాస్త్రవేత్తని పరిశోధకురాలిని చేయడానికి ఇంతకన్నా సహజమైన దారి నాకు కనిపించలేదు. మన తెలుగు డిటెక్టివ్ నవలల యుగంధర్‌కి కేసు రావాలంటే ఎవరో ఒకరు తలుపు తట్టాలి, అది ఆయన వృత్తి. సొంత పని చేసుకుంటున్న ఒక అధ్యాపకురాలు హత్య కేసులో ఎందుకు వేలు పెడుతుంది? నేలలోంచి ఎముక బయటికి రాగానే పోలీసులు మొదట అడిగేది ‘ఎవరిది’ అని కాదు, ‘ఎప్పటిది’ అని. పాతదైతే మ్యూజియానికి, కొత్తదైతే పోలీసు స్టేషన్‌కి. ఆ సంగతి తేల్చేదాకా పురావస్తు శాస్త్రవేత్త లేకుండా కేసు అడుగు కదలదు. ఆ సందులోంచి రూత్ లోపలికి వస్తుంది.

ఇది కేవలం కల్పన కాదు. 1983లో, ఇంగ్లండులోనే ఆ పక్కన చెషైర్‌లో, లిండో అనే పీట్ నేలలో కూలీలకి ఒక స్త్రీ పుర్రె ముక్క దొరికింది. నాచు, మొక్కలు నీళ్ళల్లో నాని, పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న నల్ల మట్టిని పీట్ అంటారు. గాలి చొరబడదు, ఆమ్లం ఎక్కువ. అందుకే అందులో పడ్డ శరీరం ఒక్కోసారి చర్మంతో సహా వేల ఏళ్ళు నిలుస్తుంది. ఆ దగ్గర్లో ఉండిన ఒకతని భార్య ఇరవై ఏళ్ళకు పైగా కనిపించడం లేదు. అతని మీద పోలీసులకి అనుమానం. పుర్రె దొరికిందన్న మాట వినగానే అతను కూలిపోయి, తానే చంపానని ఒప్పుకున్నాడు. తీరా ఆ పుర్రెని ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షిస్తే అది 1,700 ఏళ్ళ నాటిదని తేలింది. చెప్పింది వెనక్కి తీసుకోవాలని చూశాడు, కుదరలేదు. ఒప్పుకోలు ఆధారంగానే శిక్ష పడింది. భార్య శరీరం ఎన్నటికీ దొరకలేదు. మరుసటి ఏడు అదే నేలలో బయటపడ్డ ప్రాచీన మనిషి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాడు.

ఆ లెక్క కట్టే పద్ధతి కూడా కథలాంటిదే. బతికినంత కాలం ప్రతి ప్రాణీ కార్బన్-14 అనే ఒక రకం కార్బన్‌ని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది 5,730 ఏళ్ళకి సగమవుతుంది. ఎంత మిగిలిందో చూసి ఎన్నాళ్ళయిందో చెబుతారు. దీనికి ఒక చేదు కొసరు ఉంది. 1950లు, 60లలో దేశాలు పోటీలు పడి పేల్చిన అణుబాంబులు గాలిలో కార్బన్-14ని దాదాపు రెట్టింపు చేశాయి. ఆ తర్వాత బతికిన మనిషి ఎముకలో ఆ ముద్ర ఉంటుంది. బాంబులు మిగిల్చిన ఆ గుర్తు, ఎముక పాతదా కొత్తదా అని తేల్చడానికి ఫోరెన్సిక్ వాళ్ళకి పనికొస్తోంది.

ఇక ఆ నార్ఫోక్ తీరం సంగతి. టిచ్‌వెల్‌కి పడమట కొద్ది మైళ్ళ దూరంలో హోమ్ అనే ఊరి ఇసుకలో 1998లో ఒక కర్రల వలయం తేలింది. వరసగా నిలబెట్టిన 55 ఓక్ మొద్దులు, మధ్యలో వేళ్ళు ఆకాశానికి పెట్టి తలకిందులుగా పాతిన పెద్ద మాను మొదలు. పీట్ కప్పుకుని ఉన్నంత కాలం భద్రంగా ఉంది, సముద్రం ఆ పీట్‌ని కోసేయగానే బయటపడింది. చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ మొద్దులు నరికిన ఏడు క్రీ.పూ. 2049 అని తేలింది. నాలుగు వేల ఏళ్ళ కిందటి పనికి సంవత్సరం కూడా చెప్పగలగడం నన్ను ఇప్పటికీ నివ్వెరపరుస్తుంది. మొద్దుల మీద కంచు గొడ్డళ్ళ గాట్లు చెరగలేదు. నడుమ ఉన్న మానుని లాక్కొచ్చిన అడవి తీగ తాడు కూడా మిగిలింది.

1999లో తవ్వి తీయబోతే గొడవ అయింది. స్థానికులు అడ్డుపడ్డారు, డ్రూయిడ్లు వచ్చి కూర్చున్నారు. ప్రాచీన బ్రిటన్ పురోహితుల దారి తమదనుకునేవాళ్ళు ఈ డ్రూయిడ్లు. నిలబెట్టినచోటే ఉండనివ్వండి, సముద్రం తీసుకుంటే తీసుకోనివ్వండి అన్నారు. శాస్త్రవేత్తలు తీయకపోతే నాశనమైపోతుందన్నారు. చివరికి తీశారు. ఏళ్ళ తరబడి శుద్ధి చేసి, 2008 నుంచి కింగ్స్ లిన్ పట్టణపు మ్యూజియంలో ఉంచారు.

గ్రిఫిత్స్ నవలలో కూడా పదేళ్ళ కిందట ఒక కర్రల వలయం తవ్వారు. ఆ తవ్వకం నడిపిన నార్వే ప్రొఫెసర్ ఎరిక్ రూత్‌కి గురువు. తవ్వొద్దని నిలబడినవాడు కాత్‌బాడ్. ఊదా రంగు అంగవస్త్రం కప్పుకు తిరిగే డ్రూయిడు, పగలు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఉద్యోగి. తీయాలన్న పక్షం, వద్దన్న పక్షం రెండూ కథలో మనుషులై నడిచాయి. రచయిత్రి కాత్‌బాడ్‌ని వెక్కిరించలేదు, అతనికి దక్కాల్సిన గౌరవం ఇచ్చారు. ఋజువు కావాలనే రూత్, నేర్పునీ అనుభవాన్నీ నమ్ముకున్న నెల్సన్, నేల మాట్లాడుతుందనే కాత్‌బాడ్ ఒక బల్ల దగ్గర కూర్చుంటే వచ్చే వేడి ఈ సిరీస్‌కి ప్రాణం.

రూత్ గురించి ఇంకొంచెం చెప్పాలి. నలభైకి దగ్గర పడుతోంది, లావు మనిషి, ఒంటరిగా చిత్తడి అంచున ఒక చిన్న ఇంట్లో రెండు పిల్లులతో ఉంటుంది. ఒక పిల్లి పేరు ఫ్లింట్, అంటే చెకుముకి రాయి. రాతియుగపు పనిముట్లు పట్టిన చేతులు పిల్లికి ఇంకేం పేరు పెడతాయి! తల్లిదండ్రులది గట్టి క్రైస్తవ భక్తి, ఆమెకి దేవుడి మీద నమ్మకం లేదు. తర్వాత్తర్వాత పెళ్ళి కాకుండానే బిడ్డని కని పెంచుతుంది. పాఠం చెప్పాలి, పరీక్ష పేపర్లు దిద్దాలి, పిల్లని చూసుకునేవాళ్ళని వెతుక్కోవాలి, ఈలోపు పోలీసు ఫోను. ఉద్యోగం చేసే ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో తెలిసిన చెయ్యి రాసిన పుస్తకాలు ఇవి. కథనమంతా వర్తమాన కాలంలో సాగుతుంది. వేల ఏళ్ళ నాటి ఎముక గురించి మాట్లాడుతున్నా వస్తుంది, వంగుతుంది, చూస్తుంది అనే క్రియలే. మొదట కాస్త అడ్డం తగిలినా, ఆ పుస్తకానికి అదే సరైనదని నాకు అనిపించింది.

మొదటి నవలకి అమెరికాలో మేరీ హిగ్గిన్స్ క్లార్క్ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత ఆ నేల ఏది ఇస్తే అది కథలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు లేచి, తర్వాత బీడు పడ్డ మైదానాల మీద ఒక నవల. నార్విచ్ నగరం కింద సుద్ద తవ్వి వదిలేసిన సొరంగాల మీద ఇంకొకటి. కొండ అంచు కోసుకుపోయి ఆరుగురి అస్థిపంజరాలు బయటపడ్డ కథ ఒకటి. నార్ఫోక్ తీరం నిజంగానే అలా తరిగిపోతోంది, ఇళ్ళు సముద్రంలో కలుస్తున్నాయి. మన ఉప్పాడ వాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. అదే తీరాన, హేజ్‌బరా ఊరి దగ్గర, 2013లో ఆటుపోట్లు ఇసుకని ఊడ్చేస్తే 8 లక్షల ఏళ్ళకు పైబడిన మనిషి అడుగుల జాడలు కనిపించాయి. శాస్త్రవేత్తలు ఆదరాబాదరాగా ఫోటోలు తీసుకున్నారు. వారాల్లోనే అలలు వాటిని చెరిపేశాయి.

పదిహేనూ ఒకే ఎత్తులో లేవు. రూత్, నెల్సన్‌ల మధ్య తెగని బంధం కొన్ని పుస్తకాల్లో సాగతీతగా ఉంది. ఒకే అధ్యాపకురాలి చుట్టూ ఇన్ని హత్యలా అన్న సందేహమూ వస్తుంది. అయినా కథ చిత్తడి దగ్గరికి తిరిగొచ్చినప్పుడల్లా రాతలో పదును తిరిగొస్తుంది. 2019లో వచ్చిన పదకొండో నవల ‘ది స్టోన్ సర్కిల్’ అలాంటిది. అందులో చిత్తడిలో రెండో వలయం బయటపడుతుంది. తవ్వుతున్నది ఎరిక్ కొడుకు. అక్కడ కంచు యుగపు ఎముకలూ, ఎన్నో ఏళ్ళ కిందట మాయమైన ఒక పన్నెండేళ్ళ పిల్ల ఎముకలూ రెండూ ఉంటాయి. మొదటి నవలలో ‘ఇదా, అదా’ అన్న ప్రశ్నకి ఇక్కడ ‘రెండూ’ అన్న జవాబు వస్తుంది.

హోమ్ ఇసుకలో కూడా నిజంగా రెండో కర్రల వలయం ఉంది. మొదటిదానికి కూతవేటు దూరం. దాని మొద్దులు కూడా క్రీ.పూ. 2049లో నరికినవేనని పరీక్షలో తేలింది. ఈసారి దాన్ని తవ్వలేదు, మ్యూజియానికి తరలించలేదు. ఉన్నచోటే వదిలేసి, సముద్రం ఏ మేరకు తీసుకుపోతోందో మాత్రం చూస్తూ వచ్చారు.